ఆఫీసు ఫర్నిచర్ కోసం అత్యవసర నిధి ఊడ్చేస్తానంటే ఎలా అండీ?

ప్రశ్న: మాది ఆరుగురం పనిచేసే చిన్న అకౌంట్స్ ఆఫీసు. కొత్త చోటుకి మారుతున్నాం, రెండేళ్ల లీజు. వచ్చేవాళ్లకి చూడగానే బాగుండాలి, స్టాఫ్‌కి సౌకర్యంగా ఉండాలి అని ఇంటీరియర్ అంతా ఒకేసారి చేయించేద్దామనుకుంటున్నాను. పాత టేబుళ్లు గట్టిగానే ఉన్నాయి కానీ కొత్త చోటులో బాగోవని మార్చేస్తున్నాం. కొటేషన్ మా నెల ఖర్చుకి ఏడు రెట్లు వచ్చింది. ఐదు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది, అది వాడేసి మిగతాది మూడేళ్ల పర్సనల్ లోన్ (వడ్డీ 12 శాతమే), కొంత క్రెడిట్ కార్డు మీద పెడదామని. ఫర్నిచర్ కూడా ఆస్తే కదా? మా ఆదాయంలో సగం పైన ఒకే క్లయింట్ నుంచి వస్తుంది, వాళ్లు కొత్త ఆఫీసు చూడ్డానికి వస్తామన్నారు. కొటేషన్ జతచేశాను.

జవాబు: ముందు ఆ ఐదు నెలల డబ్బు మీద చెయ్యి వెయ్యకండి. ఇది ఒప్పుకుంటేనే కుర్చీలు, లైట్ల సంగతి మాట్లాడుకుందాం, ఒప్పుకోకపోతే కింద నేను రాసేదంతా మీకు పనికిరాదు.

మీ ప్రశ్నకే ఎందుకు జవాబిస్తున్నానంటే ఆఫీసు మారుతున్నాం అనగానే చాలామంది చేసేది సరిగ్గా ఇదే. వ్యాపారం కాస్త నిలదొక్కుకుంటుంది, కొంత డబ్బు వెనకేస్తారు, ఎవరో వచ్చి త్రీడీ డిజైన్ చూపిస్తారు, అంతే, అప్పటిదాకా జాగ్రత్తగా ఉన్న మనిషికి బ్యాంకులో డబ్బు ఖాళీగా కూర్చున్నట్టు కనిపించడం మొదలవుతుంది. మీ సగం ఆదాయం ఒక్కరి చేతిలో ఉంది. వాళ్లు వెళ్లిపోనక్కర్లేదండీ, బిల్లు పాస్ చెయ్యడం రెండు నెలలు ఆలస్యం చేస్తే చాలు. జీతాలు ఒకటో తారీఖున ఇవ్వాలి, అద్దె కట్టాలి, రిసెప్షన్ సోఫా చూపించి ఏది ఆపగలరు? మామూలుగా ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాను, మీలాగా ఒకే పెద్ద క్లయింట్ మీద నడిచేవాళ్లకి ఎనిమిది నెలలది ఉన్నా నేను ఎక్కువనను. అంటే మీ దగ్గర మిగులేం లేదు, తక్కువే ఉంది. ఇంకొకటి, ఇది ఆఫీసు నిధి మాత్రమే, మీ ఇంటి ఖర్చులకి విడిగా ఉందా లేదా మీరు రాయలేదు. లేకపోతే ఈ ఐదు నెలలు కూడా నిజానికి ఐదు కాదు. పైగా ఆఫీసు మారడమే ఒక ఖర్చు, డిపాజిట్ కట్టాలి, ఒక నెల రెండు చోట్లా అద్దె పడొచ్చు, వైరింగ్, ఇంటర్నెట్, పని ఆగిపోయే రోజులు, ఇవేవీ మీ కొటేషన్‌లో లేవు.

ఫర్నిచర్ ఆస్తే కదా అన్నారు. లెక్కల పుస్తకంలో ఆస్తే, అకౌంట్స్ మనిషి మీరు, తరుగుదల ఎలా రాస్తారో నేను చెప్పక్కర్లేదు. అమ్మబోతే ఎంతొస్తుందన్నదే నాకు కావాలి. 1994లో హెర్మన్ మిల్లర్ అనే అమెరికా ఫర్నిచర్ కంపెనీ వాళ్లు ఏరాన్ అనే కుర్చీ తెచ్చారు, ఖరీదైనది, నిజంగా మంచి కుర్చీ కూడా. అప్పట్లో కొత్తగా పుట్టిన ఇంటర్నెట్ కంపెనీలు చాలా వాటిని వరసగా కొని పెట్టుకున్నాయి, 2000లో డాట్‌కామ్ బుడగ పగిలి, అంటే వాటి షేర్లు కుప్పకూలి, ఆ కంపెనీలు మూతబడితే అవే కుర్చీలు వేలంలో చవగ్గా పోయాయి. అంత పేరున్న కుర్చీ గతే అదైతే మీ కొలతలకి చేయించిన రిసెప్షన్ కౌంటర్ ఎవరు కొంటారు చెప్పండి.

లోన్ సంగతి చూస్తే నాకు ఓపిక పోయింది, ఏమనుకోకండి. లీజు రెండేళ్లు, లోన్ మూడేళ్లు. కొటేషన్‌లో గ్లాస్ పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్, గోడకి బిగించే ప్యానెళ్లు కలిపి దాదాపు సగం ఉన్నాయి. ఇవి విప్పి పట్టుకెళ్లేవి కావు, లీజు పొడిగించకపోతే బిల్డింగ్ ఓనర్‌కి వదిలేసి వెళ్లాలి, చాలా అగ్రిమెంట్లలో అయితే ముందు ఎలా ఉందో అలా చేసి అప్పగించాలని కూడా ఉంటుంది, అంటే పీకించడానికి మళ్లీ డబ్బు. మీరు ఖాళీ చేసేసిన గదికి ఇంకో 12 నెలలు ఈఎంఐ కడతారన్నమాట. 12 శాతమే అన్నారు, ఫ్లాటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) రెడ్యూసింగా (మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ) అని అడిగారా? 12 శాతం ఫ్లాట్ మీద మూడేళ్ల లోన్ అంటే నిజంగా పడే వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుంది. కార్డు ఇంకా ఘోరం, బాకీ అలా తిప్పుకుంటూ పోతే నెలకి 3 శాతం అనేది ఏడాదికి 42 శాతం పైన పడుతుంది. కుర్చీ కోసం ఇలాంటి అప్పు చేసేవాళ్లకి నేను సలహా ఇవ్వను, ఆపమనే చెప్తాను.

ఇప్పుడు కొటేషన్. మొత్తం చదివాను. పైన మీ కేబిన్‌కి ఎత్తైన వీపు ఉన్న లెదర్ కుర్చీ, దాని కింద 12 మంది కూర్చునే కాన్ఫరెన్స్ టేబుల్ (ఉన్నదే ఆరుగురు), రిసెప్షన్ కౌంటర్, లోగో వెనక లైటు. ఆఖరి పేజీలో ఒక్క లైను: "స్టాఫ్ చైర్లు, 6, ఫిక్స్‌డ్ హ్యాండిల్". మొత్తం కాగితంలో తక్కువ డబ్బు పడ్డది రోజుకి ఎనిమిది గంటలు మనిషి కూర్చునే చోట. స్టాఫ్‌కి సౌకర్యం అని మీరే రాసి ఇదెలా ఒప్పుకున్నారండీ?

డబ్బు పెట్టాల్సింది అక్కడే. సీటు ఎత్తు మారాలి, పాదాలు నేలకి ఆనాలి, వెనక్కి ఆనుకుని కూర్చుంటే సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, నడుము దగ్గర ఆసరా ఉండాలి, చేతులు పెట్టుకునేవి పైకీ కిందకీ జరగాలి. ఫిక్స్‌డ్ హ్యాండిల్ ఉంటే అది టేబుల్ అంచుకి తగిలి మనిషి దూరంగా కూర్చుని ముందుకి వంగుతాడు, నెలల తరబడి అలా వంగితే నడుము, మెడ పట్టేస్తాయి, సెలవులు మొదలవుతాయి. కింద అయిదు కాళ్ల బేస్ ఉండాలి, నాలుగు కాళ్లదైతే ఒరిగే ప్రమాదం ఎక్కువ. నేల టైల్స్ అయితే మెత్తటి చక్రాలు అడగండి, గట్టివి కార్పెట్‌కి. ఫొటో చూసి ఆరూ ఆర్డర్ పెట్టొద్దు, ఒకటి తెప్పించి మీ ఆఫీసులో అందరికన్నా పొడుగు మనిషినీ పొట్టి మనిషినీ చెరో పూట కూర్చోబెట్టండి, వాళ్లు చెప్పింది వినండి.

పాత టేబుళ్లు గట్టిగా ఉన్నాయంటున్నారు కాబట్టి వాటినే తీసుకెళ్లండి, పై షీట్ మార్పిస్తే చాలు. మామూలు టేబుల్ ఎత్తు 72 నుంచి 75 సెంటీమీటర్లు, పొట్టివాళ్లకి కాళ్ల కింద ఒక పీట లాంటిది పెడితే సరిపోతుంది. ల్యాప్‌టాప్ కింద స్టాండ్, విడిగా కీబోర్డు, స్క్రీన్ పైఅంచు కంటికి సమానంగా, కిటికీ ఎదురుగానో వెనకో కాకుండా పక్కకి వచ్చేలా టేబుల్ తిప్పడం. ఈ తిప్పడానికి పైసా ఖర్చు లేదు, మీ డిజైనర్ గీసిన ప్లాన్‌లో మాత్రం నాలుగు టేబుళ్ల వెనకే కిటికీ ఉంది! లైటు టేబుల్ మీద 500 లక్స్ (వెలుతురు కొలిచే కొలత) ఉండాలని యూరప్ ప్రమాణం చెప్తుంది, అలంకారం లైట్లు తీసేసి ఆ డబ్బు ఇక్కడ పెట్టండి.

ఇక వచ్చేవాళ్ల సంగతి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు డబ్బు లెక్కలు మాట్లాడ్డానికి వస్తారు, వాళ్ల మాట పక్కవాడికి వినపడకూడదు, అదే వాళ్లకి కావాల్సిన మర్యాద. గ్లాసు, టైల్స్, ఖాళీ గోడలు ఉంటే శబ్దం కొట్టుకుని తిరిగి వస్తుంది, తలుపున్న ఒక చిన్న గది, నలుగురికి టేబుల్, కింద కార్పెట్, గోడకి నిండుగా ఫైళ్లున్న అల్మరా ఉంటే చాలావరకు తగ్గుతుంది. రిసెప్షన్‌లో నేలకి అంటుకుపోయే సోఫా వద్దు, పెద్దవాళ్లు లేవలేరు, 45 సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు చేతుల కుర్చీలు రెండు, బ్యాగు పెట్టుకోడానికి చోటు, లోపలికి రాగానే ఎవరిని అడగాలో తెలిసేలా ఒక టేబుల్. ఇవన్నీ కలిపినా నెలన్నర ఖర్చు దాటకపోవచ్చు. ఆ నెలన్నరది కూడా నిధిలోంచి తియ్యకండి, కుర్చీలు ఈ నెల, గది వచ్చే మూడు నెలల్లో, వచ్చే ఆదాయంలోంచి కొంచెం కొంచెంగా.

ఫర్నిచర్ అద్దెకి తీసుకోవడం రెండేళ్ల లీజుకి ఆలోచించదగ్గదే, మొత్తం అద్దె కొనే ధరతో పోల్చుకోండి. సెకండ్ హ్యాండ్ మంచి కంపెనీ కుర్చీలు కూడా బాగుంటాయి, కూర్చుని పది నిమిషాలకి సీటు దిగిపోతుందేమో మాత్రం చూసుకోండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఆఫీసు సామాన్లకి పాలసీ ఉంటే అది సాధారణంగా అడ్రస్‌కి కట్టి ఉంటుంది, మారినట్టు ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే కొత్త చోట నిప్పంటుకున్నా దొంగతనం జరిగినా క్లెయిమ్ ఇబ్బందే. సామాను ఎక్కించే ముందు రోజే ఆ ఈమెయిల్ పెట్టండి, కవర్ కూడా పాత సామాను తరుగు పోను ధరకి కాకుండా కొత్తది కొనే ధరకి అడగండి.

పెద్ద క్లయింట్ వస్తున్నారని తేదీ వాయిదా వెయ్యడమో, తొందరపడి పనులు మొదలుపెట్టడమో వద్దు. ఇంటీరియర్ వాళ్లకి ఫోన్ చేసి సీలింగ్, పార్టిషన్లు, కౌంటర్ తీసేసి కుర్చీలు, లైట్లు, చిన్న గదికి మాత్రం ఐటెమ్‌వారీగా రేట్లు వేసి మళ్లీ ఇమ్మనండి. అడ్వాన్స్ ఇచ్చేశారేమో మీరు రాయలేదు, ఇచ్చి ఉంటే కుర్చీల బిల్లులో సర్దమని అడగండి, ససేమిరా అంటే ఆ డబ్బు పోయిందనుకోండి గానీ దాన్ని దక్కించుకోడానికని లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.