దువ్వెన ఎరగని తల: 'అన్‌కెంప్ట్' కథ

సందేహం: ఇంగ్లీషు పత్రికల్లో గడ్డానికీ, తోటకీ కూడా 'అన్‌కెంప్ట్' అని రాస్తున్నారు. ఈ మాట 'కీప్' నుంచి వచ్చిందా? 'కెంప్ట్' అని విడిగా ఉందా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: 'కీప్'తో దీనికి చుట్టరికం లేదండీ. కీప్ నుంచి వచ్చేది 'అన్‌కెప్ట్', అందులో మకారం ఉండదు. నిలబెట్టుకోని మాటను 'అన్‌కెప్ట్ ప్రామిస్' అంటారు. చాలామంది పొరబడేది ఇక్కడే.

అన్‌కెంప్ట్ దువ్వెన నుంచి పుట్టింది. పాత ఇంగ్లీషులో దువ్వెన 'కాంబ్', దువ్వడం 'కెంబన్'. దువ్విన తల 'కెంప్ట్', దువ్వనిది 'అన్‌కెంప్ట్'. పోనుపోను కాంబ్ అన్న నామవాచకాన్నే క్రియగా కూడా వాడటంతో పాత క్రియ మరుగున పడింది. మామూలు వాడుకలో దాని రూపం దాదాపు అన్‌కెంప్ట్‌లోనే మిగిలింది. జర్మన్‌లో మాత్రం దువ్వడాన్ని ఇప్పటికీ 'కెమ్మెన్' అనే అంటారు.

ఇంకా వెనక్కి వెళ్తే నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. కాంబ్‌కు మూలమైన ధాతువుకు పన్ను అని అర్థం. సంస్కృతంలో పంటికీ కోరకూ వాడే 'జంభ' శబ్దం దీనికి జ్ఞాతి. మనమూ దువ్వెనకు 'పళ్ళు' ఉన్నాయనే కదా అంటాం! కాకపోతే మనకు దువ్వు అన్న క్రియ నుంచి దువ్వెన వచ్చింది, వాళ్ళకు దువ్వెన నుంచి క్రియ వచ్చింది.

తలతో మొదలైన మాట తలదగ్గరే ఆగలేదు. 1579 నాటికే కవి ఎడ్మండ్ స్పెన్సర్ ఒక గొర్రెల కాపరి చేత తన పద్యాలు అన్‌కెంప్ట్ అనిపించాడు, మోటువి, నునుపు లేనివి అనే అర్థంలో. కాబట్టి తోటకు వాడటం తప్పేమీ కాదు. 'కెంప్ట్' నిఘంటువుల్లో ఉంది కానీ, ఈ రోజుల్లో ఎక్కువగా సరదాకే వాడతారు. మామూలు రాతలో 'నీట్' అంటే చాలు.

ఇక తెలుగు. అన్నిచోట్లా ఒకే మాట పెడితే కుదరదు. గడ్డమైతే 'మాసిన గడ్డం', తోటైతే 'ఆలనాపాలనా లేని తోట'. జుట్టుకు 'చింపిరి' బాగానే ఉంటుంది. కానీ నేనైతే 'తైలసంస్కారం లేని జుట్టు' అంటాను. ఇంగ్లీషువాడు దువ్వెన తగల్లేదన్నాడు, మనవాళ్ళు నూనె తగల్లేదన్నారు. తలంటి, నూనె రాసి, జడ వేసిన ఇళ్ళలో పుట్టిన మాట అది. గాలికి అప్పటికప్పుడు రేగిన జుట్టుకు మాత్రం దాన్ని వాడకండి. అది 'చెదిరిన జుట్టు', ఇంగ్లీషులో 'డిషెవల్డ్'.