ప్రవాసుల సభలకు మన పన్ను డబ్బులా?

ప్రశ్న: మా అన్నయ్య దుబాయ్‌లో కూలి పని చేస్తాడు. విదేశాల్లో ఉన్నవాళ్ల సభలకు ప్రభుత్వం డబ్బు పెట్టడం అవసరమా అండీ?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: కొంతవరకు అవసరమేనమ్మా, కానీ ఎవరి కోసం పెడుతున్నారన్నదే అసలు విషయం. గాంధీజీ 1915లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చిన జనవరి 9 గుర్తుగా కేంద్రం 2003 నుంచి ప్రవాసీ భారతీయ దివస్ జరుపుతోంది, 2006లో మన హైదరాబాద్‌లోనే జరిగింది, 2015 తర్వాత రెండేళ్లకోసారి చేస్తున్నారు. ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి మారిషస్, ఫిజీ వెళ్లినవాళ్ల మునిమనవలు మూలాలు వెతుక్కుంటూ వస్తే, వాళ్లకోసం ఖర్చు పెట్టడం నాకు సమ్మతమే. కానీ పెద్ద డాక్టర్లు, వ్యాపారులు టికెట్ కొనుక్కోలేరా? వాళ్ల విందులకు మన డబ్బెందుకు? మీ అన్నయ్యలాంటివాళ్లకు అసలు సెలవే దొరకదు. దారి ఖర్చులిచ్చి గల్ఫ్ కార్మికులను పిలవాలి, వేదిక మీద మాట్లాడనివ్వాలి, అప్పుడు పెట్టండి అంటాను.

ఇంకోమాట. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, కష్టంలో చిక్కుకున్న పేదవాళ్లకు తిరుగు టికెట్, లాయర్ సాయం, చనిపోతే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడం దాని పనే. దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో అడగొచ్చని అన్నయ్యకు తప్పకుండా చెప్పండి.