రిపోర్టులో వాపు లేదన్నారు, మరి ఆ నొప్పి ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. చిన్నప్పటి నుంచి కొబ్బరికాయల ఒలుపు పనే. కుడి జబ్బ ముందు వైపు నొప్పితో రెండేళ్లు బాధపడ్డారు. వాపు అని చెప్పి మాత్రలు వాడించారు. చివరికి విశాఖలో కీహోల్ ఆపరేషన్ చేసి, బైసెప్స్ టెండన్‌ను పైన కోసి కింద ఎముకకు బిగించారు. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపితే ‘మ్యూకాయిడ్ డీజనరేషన్, కొలాజెన్ పోగులు చెదిరి ఉన్నాయి, ఇన్‌ఫ్లమేషన్ (వాపు) కణాలు లేవు’ అని వచ్చింది. క్యాన్సర్ అనుమానంతో పంపారేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. రెండు నెలలైనా నొప్పి పూర్తిగా పోలేదు, రోజూ పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నారు. మా వీధిలో ఒకాయన ఇదే ఆపరేషన్ చేయించుకుని నెల దాటగానే పనిలోకి వెళ్లాడు, కాకపోతే ఆయన దండలో కండ ఉండలా తేలింది. మా నాన్నకు ఆపరేషన్ సరిగ్గా చేయలేదా?
– ఒక పాఠకురాలు, కవిటి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు ఆ క్యాన్సర్ భయం వదిలేయండమ్మా. మీరు రాసిన మాటల్లో ఒక్కటి కూడా క్యాన్సర్‌ది కాదు. శరీరంలోంచి తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపడం చాలాచోట్ల మామూలే. ఆ రిపోర్టు నిజానికి రెండేళ్లు మాత్రలు మింగినా మీ నాన్నగారికి ఎందుకు తగ్గలేదో చెబుతోంది.

దండ ముందు వైపుండే బైసెప్స్ కండకు పైన రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు ఉంటాయి. అందులో పొడవాటిది భుజం కీలు లోపల, గిన్నె పై అంచు దగ్గర మొదలై, జబ్బ ఎముక తల మీదుగా వంగి, ఎముక ముందున్న సన్నని గాడిలోంచి కిందికి దిగుతుంది. చెయ్యి ఎత్తి దించినప్పుడల్లా ఆ మలుపులో రాపిడి పడుతుంది. ఇక ఒలుపులో కాయను గునపానికి గుచ్చి మెలితిప్పాలి కదా, మోచెయ్యి వంచడం, అరచేతిని పైకి తిప్పడం రెండూ బైసెప్స్ చేసే పనులే, అది రోజుకు వందలసార్లు, ఏళ్ల తరబడి.

బాగున్న టెండన్‌లో కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు కొబ్బరి తాడులో పీచులా బిగుతుగా, ఒకే దిక్కుగా ఉంటాయి. అరిగినప్పుడు ఆ వరస చెదిరిపోతుంది, పోగుల మధ్య జిగట పదార్థం చేరుతుంది. మ్యూకాయిడ్ డీజనరేషన్ అంటే అదే. గట్టిగా ఉండే టైప్ 1 కొలాజెన్ తగ్గి, సన్నగా బలహీనంగా ఉండే టైప్ 3 పెరుగుతుంది. మామూలుగా రక్తనాళాలు తక్కువగా ఉండే టెండన్‌లో కొత్తగా సన్నని నాళాలు, వాటి వెంట నరాల పోగులు మొలుస్తాయి, నొప్పికి ఇవి కూడా ఒక కారణమని భావిస్తారు. టెండన్ చుట్టూ ఉన్న పొరలో వాపు ఉండొచ్చు గానీ టెండన్ లోపల మాత్రం వాపు కణాలు దాదాపు కనిపించవు. అది లోపల్లోపల శిథిలమైన టెండన్. పెయిన్ కిల్లర్ కొన్ని గంటలు నొప్పి తెలియకుండా చేస్తుందంతే, చెదిరిన పోగులను మళ్లీ వరసలో పెట్టలేదు.

మీ కవిటి ఉన్నది కిడ్నీ జబ్బుల ఉద్దానంలో, అక్కడ ఉంటూ రోజూ పెయిన్ కిల్లర్ అని మీరు రాసింది చదివి నిజంగా భయమేసింది. అక్కడి కిడ్నీ జబ్బుకు ఈ మాత్రలే కారణమని అనడం లేదు. కానీ కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు ఇంతమంది ఉన్న ప్రాంతంలో, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గే మనిషి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలల తరబడి వాడటం చాలా ప్రమాదం. ఈ వారమే కిడ్నీల పనితీరు చెప్పే సీరమ్ క్రియాటినిన్ అనే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించండి. మందుల షాపులో ‘పారాసిటమాలే’ అని ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్ కలిపి ఉంటుంది, అట్ట వెనక పేర్లు చదవండి, లేదా చదివించుకోండి. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి, ఒట్టి పారాసిటమాల్‌తో, ఐసు కాపడంతో గడుస్తుందేమో అడగండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

ఇక మీ వీధి ఆయన సంగతి. ఆయన కండ ఉండలా తేలిందంటే, బహుశా టెండన్‌ను కోసి వదిలేసి ఉంటారు, దాన్ని టెనాటమీ అంటారు. కోసిన చివర కిందికి జారడంతో కండ ఉండ కడుతుంది. అతికేది ఏమీ లేదు కాబట్టి త్వరగా పనిలోకి వెళ్లొచ్చు, కొందరికి మాత్రం బరువు పనిలో కండ పట్టేస్తుంది. మీ నాన్నగారికి చేసింది టెనోడెసిస్. కోసిన టెండన్‌ను ఎముకకు బిగించారు, అక్కడ అతుకు పడాలి. రెండూ సరైన ఆపరేషన్లే, మెలితిప్పే పని చేసే మనిషికి నేనైతే రెండోదే మేలంటాను. ఆ ఎంపికకు ఖరీదు ఎక్కువ రోజుల విశ్రాంతి.

స్క్రూ ఉంది కదా, గట్టిగానే ఉంటుంది అనుకోవద్దు. స్క్రూ అయినా దారమైనా టెండన్‌ను అక్కడ పట్టి ఉంచుతుందంతే. ఎముకలోకి టెండన్ పోగులు పాతుకోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది, ఆ తర్వాత కూడా నెలల పాటు ఆ కణజాలం గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా మొదటి 4 నుంచి 6 వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ), 6 వారాల దాకా ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, గట్టిగా మెలితిప్పకూడదు, తర్వాత సొంత బలంతో మోచెయ్యి వంచడం, మూడో నెల దగ్గర్లో తేలిక బరువులు. ఒలుపు లాంటి మోటు పనికి 4 నుంచి 6 నెలలు. భుజంలో వేరే టెండన్ కూడా కుట్టి ఉంటే ఇంకా ఆలస్యం, అందుకే డిశ్చార్జి కాగితం చూపించి మీ సర్జన్ లెక్కనే పాటించండి. రెండు నెలలకు కాస్త నొప్పి, సాయంత్రానికి లాగడం మామూలే. అకస్మాత్తుగా ‘టప్’మని కండ జారినా, దండ కమిలినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కనిపించినా ఆగకుండా వెళ్లాలి.

కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటుతుంది, ఫిజియోథెరపీకి రోజూ రాలేరు. ఒకసారి వచ్చి వ్యాయామాలు నేర్చుకుంటూ ఫోన్లో వీడియో తీసుకోండి, ఇంట్లో రోజూ చేయించండి. కూలి పోతోందని ఆయన తొందరపడతారు, తెలుసు. ఈ మూడు నాలుగు నెలలు కాయలు లెక్కపెట్టే పనో, ఎడమచేత్తో అయ్యే పనో ఇవ్వమని షావుకారును మీరే అడగండి, ఆయన నోరు తెరిచి అడగరు.

ప్రశ్న: నాకు 47, షుగర్ ఉంది. ఎడమ భుజం నొప్పికి ఎమ్మారై తీస్తే బైసెప్స్ టెండినోపతీ (టెండన్ దెబ్బతినడం) అన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ మూడుసార్లు ఇంజెక్షన్ చేశారు, వారం పదిరోజులు బాగుంటోంది, మళ్లీ మామూలే. ఆపరేషన్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ ఇంజెక్షన్లు ఆపండి. అవి స్టెరాయిడ్ అయితే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, పదేపదే చేస్తే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చుట్టూ ఉన్న పొరలోకి ఒకసారి ఇవ్వడం వేరు, చేత్తో తడిమి గుచ్చడం వేరు. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం ఎక్కువ. చెయ్యి వెనక్కి పెట్టి జాకెట్టు హుక్స్ పెట్టుకోలేకపోతే ఆ సంగతి ఎముకల డాక్టర్‌కు తప్పక చెప్పండి, అప్పుడు వైద్యం దారే మారుతుంది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చూపించుకుని షుగర్ అదుపులోకి తెచ్చుకుని, కనీసం మూడు నెలలు పద్ధతిగా ఫిజియోథెరపీ చేశాక కూడా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట. ఇంకొకటి, మీది ఎడమ భుజం, పైగా షుగర్. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే భుజం అనుకుని కూర్చోకుండా, అది గుండె సంగతేమో చూడటానికి వెంటనే ఈసీజీ తీయించుకోండి.