ఐప్యాడా, శాంసంగా? ముందు సిమ్ పడుతుందో లేదో చూడండి

"పేపర్ చదవడానికి, యూట్యూబ్‌కి, వీడియో కాల్స్‌కి ఐప్యాడ్ తీసుకోవాలా, శాంసంగ్ ట్యాబ్ తీసుకోవాలా" అని అడిగారు. ఏదైనా ఒకటే, సిమ్ పడేది తీసుకోండి. ప్రాసెసర్ గురించి నిద్ర పాడుచేసుకోకండి, మీరు చెప్పిన పనులకి రెండూ ఎక్కువే.

రెండేళ్ల కిందట తెనాలిలో ఉండే మా నాన్నగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఒక ట్యాబ్ కొన్నాను. కంపెనీ పేరు అనవసరం, తప్పు దానిది కాదు, నాది. ఇంట్లో వైఫై ఉందిగా, సిమ్ మోడల్‌కి ఇంకో నాలుగు వేలు దేనికి దండగ అనుకున్నా. ఆయన దాన్ని ట్యాబ్ అనరు, పలక అంటారు. రోజూ పొద్దున్నే పలకలో పేపర్, అక్షరాలు పెద్దవి చేసుకుని.

ఇంతలో డాలస్‌లో మా చెల్లెలి కూతురి కూచిపూడి అరంగేట్రం వచ్చింది. అక్కడ శనివారం సాయంత్రం ఐదంటే మనకి ఆదివారం తెల్లవారుజామున మూడున్నర. యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. నాన్నగారు మూడింటికే లేచి స్నానం చేసి, పలకని పీట మీద గోడకి ఆనించి, అమ్మని కూడా లేపి కూర్చోబెట్టారట. దీపం వెలిగించారు, ప్రసంగాలు అయ్యాయి, పెద్దలకి శాలువాలు కప్పారు (ఈ శాలువాల జబ్బు అమెరికా వెళ్లినా మనల్ని వదల్లేదు), తీరా పిల్ల స్టేజి మీదకి వచ్చే వేళకి ఇక్కడ కరెంటు పోయింది. పలకలో చార్జింగ్ నిండుగా ఉంది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రౌటర్ ఉన్న ప్లగ్గుకి మాత్రం ఇన్వర్టర్ లైన్ లేదు. ఆ ఇల్లు కట్టినప్పుడు వైఫై అంటే ఎవరికి తెలుసు! ఫోన్లో నెట్‌ని పలకకి పంచే హాట్‌స్పాట్ పెట్టడం ఇద్దరికీ రాదు, ఆ టైములో నన్ను లేపడానికి మొహమాటం. చివరికి అమ్మ ఫోన్లోనే చూశారు. తెల్లారాక ఫోన్ చేసి "పిల్ల మొహం సరిగా ఆనలేదురా, గజ్జెల చప్పుడు మాత్రం విన్నాను" అన్నారు. తర్వాత రికార్డింగ్ చూశారు, అది వేరే సంగతి. నేను మిగిల్చిన నాలుగు వేలు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నాయి.

ఇక మీ సంగతి. ఐప్యాడ్‌లో సిమ్ కావాలంటే జేబు బాగా ఖాళీ అవుతుంది. 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ ఇక్కడ వైఫై మోడల్ 34,900కి దిగితే, సెల్యులార్ మోడల్ 49,900. అంటే పదిహేను వేల తేడా. అంత పెట్టినా అందులో మామూలు సిమ్ కార్డు పట్టదు, ఈసిమ్ ఒక్కటే, అంటే కార్డు లేకుండా సెట్టింగుల్లోంచి ఎక్కించుకునే సిమ్. పెద్దవాళ్లకి ఈసిమ్ గురించి ఒకసారి చెప్పి చూడండి, మీకే తెలుస్తుంది. ఇంకోటి, వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, కారులో దారి చూసుకుందాం అనుకుంటే కష్టం. 2010లో మొదలైన ఐప్యాడ్‌కి క్యాలిక్యులేటర్ 2024లో వచ్చింది, వాట్సాప్ యాప్ 2025లో వచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని మహా గొప్ప అని ఎలా మోశామో నాకర్థం కాదు.

అలాగని శాంసంగ్‌కి దండలు వేయను. ట్యాబ్ ఏ9 ప్లస్ లాంటివి తెర సన్నగా పొడుగ్గా ఉంటాయి, సినిమాకి బాగుంటుంది, పేపర్ పేజీకి ఐప్యాడ్ వెడల్పే హాయి. బరువు రెండూ అర కిలోకి కాస్త తక్కువ, పైన ఫ్లిప్ కవర్ వేస్తే ఇంకా పెరుగుతుంది. పడుకుని చదివే అలవాటుంటే ముక్కు జాగ్రత్త, మా నాన్నగారికి అనుభవం అయింది.

షాపు కుర్రాళ్ల మాట మాత్రం వినకండి. రెండోసారి వెళ్లినప్పుడు ఒకబ్బాయి పావుగంట సేపు బెంచ్‌మార్క్ స్కోర్లు (వేగం పరీక్షల్లో వచ్చిన మార్కులు) చదివాడు, సిమ్ పడుతుందా బాబూ అంటే డబ్బా తిప్పి చూసుకున్నాడు.

ఈసారి మామూలు సిమ్ పడే శాంసంగ్ తెచ్చాను. ఇప్పుడు కరెంటు పోతే అమ్మ సీరియల్ కూడా ఆ పలకలోనే. తనని పేపర్ చదువుకోనివ్వట్లేదని నాన్నగారు నాకు ఫోన్ చేసి కంప్లైంట్ చేస్తున్నారు.