గోవా బాకీ తీరాకే బీదర్ ప్రయాణం

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. నేను, నా భార్య ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతం కలిపి చేతికి 78,000 వస్తుంది. ఆరేళ్ల పాప ఉంది. ఖర్చులన్నీ పోగా నెలకు 9,000 మిగులుతుంది. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది. గోవా ట్రిప్పు, పండగ బట్టల ఖర్చు కలిపి క్రెడిట్ కార్డులో 42,000 బాకీ ఉండిపోయింది. నెలకు 3.5 శాతం వడ్డీ. ప్రస్తుతం మినిమం 2,100 మాత్రం కడుతున్నాను. రెండు నెలలకోసారైనా శని, ఆదివారాలు ఎక్కడికైనా వెళ్దామని, జనం తక్కువగా ఉండి నడిచి తిరగగలిగే చిన్న ఊరైతే బాగుంటుందని మా ఆవిడ అంటోంది. ఎంత పెట్టొచ్చు? ఈసారి నో కాస్ట్ ఈఎంఐలో వెళ్తే పర్లేదా?

జవాబు: మీ ఆవిడ అడిగింది చాలా తెలివైన కోరికండీ. టూర్లకు వెళ్లొచ్చి బడ్జెట్ దాటిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్ల లెక్కలు చూస్తుంటాను. టికెట్, గది అద్దె ముందే తెలుస్తాయి కాబట్టి అక్కడ పెద్దగా తేడా రాదు. తేడా వచ్చేది దిగిన తర్వాత ఎక్కే క్యాబుల దగ్గర. బీచ్‌కి ఒక కారు, భోజనానికి ఒక కారు, రాత్రి గదికి తిరిగి రావడానికి ఇంకో కారు. నడిచి తిరిగే ఊరిని ఎంచుకుంటే ఆ ఖర్చు మొదట్లోనే తెగిపోతుంది.

దగ్గర్లో ఉన్న ఊరల్లా నడిచే ఊరు కాదు. వరంగల్ నాకు చాలా ఇష్టం. కానీ వెయ్యి స్తంభాల గుడి ఒక చోట, కోట ఇంకో చోట ఉంటాయి. రామప్ప చూడాలంటే మళ్లీ అరవై కిలోమీటర్లకు పైనే ప్రయాణం. సొంత కారు లేకపోతే రెండు రోజుల్లో బండి ఖర్చే ఎక్కువవుతుంది. మీకు నేను చెప్పేది బీదర్.

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు. 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఊరు, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. పాత ఊరి నడిబొడ్డున చౌబారా అనే గుండ్రటి పాత బురుజు ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే అదే దారిలో మహమూద్ గవాన్ మదరసా, ఇంకాస్త ముందుకెళ్తే కోట గుమ్మం. బహమనీల ప్రధానమంత్రి గవాన్ 1472లో కట్టించిన మూడంతస్తుల చదువుల భవనం అది. తర్వాత జరిగిన పేలుడులో ఒక మినార్ పోయింది. మిగిలిన మినార్ మీద నీలం పెంకులు ఇంకా అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. కోట చాలా పెద్దది, కందకాన్ని రాతిలోనే తొలిచారు. పాప కాళ్లు నొప్పులంటే కూర్చోవడానికి చెట్లున్నాయి. ఒక పూట మొత్తం దానికే ఇవ్వండి.

బిద్రీ పని చేసేచోట మాత్రం పాపను తప్పకుండా నిలబెట్టి చూపించండి. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద సన్నటి ఉలితో పువ్వులు చెక్కి, ఆ గీతల్లోకి వెండి తీగను సుత్తితో కొట్టి దిగ్గొడతారు. చివర్లో కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపిన వేడి ద్రావణం దాని మీద రుద్దుతారు. చూస్తుండగానే లోహమంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ ఉండిపోతుంది. పనికొచ్చే మట్టేదో కొందరు పనివాళ్లు నాలుక మీద వేసుకుని తేల్చుకుంటారు. చిన్న వస్తువు ఒకటైనా కొనండి. ఆ డబ్బు నేరుగా చేసినవాళ్ల చేతికే వెళ్తుంది.

ఖర్చుకి నేనైతే ఇలా పక్కన పెడతాను: బస్సులకు 1,500, ఒక రాత్రి గదికి 2,000, తిండికి 2,000, ఆటోలకు 800, బిద్రీ వస్తువుకు 1,000, చేతిలో ఇంకో 700. మొత్తం 8,000. ఆటో అవసరమయ్యేది బస్టాండు నుంచి గదికి, ఊరి బయట అష్టూర్ సమాధులకు, నానక్ ఝీరా గురుద్వారాకు. గురుద్వారాలో ఎవరికైనా లంగర్ భోజనం పెడతారు, తిన్నాక హుండీలో తోచింది వేయండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే మహాలక్ష్మి పథకం కింద మీ ఆవిడకూ పాపకూ రాష్ట్ర సరిహద్దు దాకా టికెట్ డబ్బులుండవు, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. 42,000 మీద నెలకు 3.5 శాతమంటే 1,470. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,735. మీరు కడుతున్న 2,100లో అసలుకు పోయేది 365 రూపాయలే! వడ్డీ, జీఎస్టీ ఇలాగే పోతే ఏడాదికి 19,000 దాటుతుంది. అదే 42,000 మీద ఎఫ్‌డీలో 6.5 శాతం అనుకున్నా వచ్చేది 2,730. ఇంకో మాట, బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో కొత్తగా ఏం కొన్నా గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. చాలామందికి ఇది తెలియదు.

అందుకే ఎఫ్‌డీ తీసేసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ముందే తీసినందుకు వడ్డీలో కొంచెం తగ్గిస్తారు, బాధపడకండి. చేతిలో 18,000 మిగులుతుంది. నెలనెలా మిగిలే 9,000 దానికే కలపండి, ఐదు నెలల్లో 63,000 అవుతుంది. ఈలోపు దాన్ని దేనికీ ముట్టుకోవద్దు, ఆస్పత్రి ఖర్చు వస్తే తప్ప.

మరి ట్రిప్పు డబ్బు? ఇన్నాళ్లూ కార్డుకు కట్టిన 2,100 ఉంది కదా, దాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపండి. నాలుగు నెలలకు 8,400. బీదర్ వెళ్లొచ్చేయొచ్చు. రెండు నెలలకోసారి అన్నది ఇప్పుడు కుదరదని మీ ఆవిడకు ఈ లెక్క చూపించి చెప్పండి, అర్థం చేసుకుంటారు. ఆరో నెల నుంచి ఆ మొత్తాన్ని 2,800 చేస్తే మూడు నెలలకోసారి వెళ్లొచ్చు.

నో కాస్ట్ ఈఎంఐ వద్దండీ. సున్నా వడ్డీ అనేది లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీని ధరలో డిస్కౌంట్‌గా చూపించి మళ్లీ వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీకే పడతాయి. పైగా ట్రిప్పు రెండు రోజుల్లో అయిపోతుంది, వాయిదా మాత్రం ఆర్నెల్లు గుర్తుచేస్తుంది.

బాకీ కట్టిన తర్వాతి స్టేట్‌మెంట్‌లో కొన్ని వందల వడ్డీ మళ్లీ కనిపిస్తుంది, కంగారు పడకండి. బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు లెక్కేసిన వడ్డీ అది. అదీ కట్టేసి, ఆపై నెల స్టేట్‌మెంట్‌లో సున్నా చూశాక బీదర్‌లో గది బుక్ చేసుకోండి.