తొలి క్రైస్తవులు రోమన్ గుళ్ళని, విగ్రహాల్ని ఎలా చూసేవాళ్ళు?

"మొదట్నించీ గుళ్ళు కూలగొట్టడమే వాళ్ళ పని కదా" అని ప్రశ్నలోనే రాసేశారు, అది సగం కూడా నిజం కాదండి.

నేను పెరిగింది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబంలో. చవితికి పక్కింటి పిన్నిగారు ఉండ్రాళ్ళు పంపిస్తే మా నాయనమ్మ ముట్టుకోవద్దనేది, అమ్మేమో ఏం కాదు తినరా అనేది, ఇద్దరూ తెరిచి చూపించేది మాత్రం తొలి తరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు గ్రీసులోని కొరింథు క్రైస్తవులకి రాసిన మొదటి పత్రికే (బైబిల్లో ఉన్న ఉత్తరం)! 8వ అధ్యాయంలో విగ్రహం ఒట్టిదే, కానీ నువ్వు గుడి భోజనం తినడం చూసి విశ్వాసంలో బలం లేనివాడు దెబ్బతింటాడనుకుంటే మానెయ్ అంటాడు, 10కి వచ్చేసరికి దయ్యాల బల్ల దగ్గర (అంటే విగ్రహాలకి అర్పించిన విందులో) కూర్చోవద్దంటాడు, మళ్ళీ అక్కడే బజార్లో మాంసం ఎంక్వయిరీలు చెయ్యకుండా కొనుక్కు తినండి అంటాడు. అప్పట్లో ఇది నిజంగానే పెద్ద తలనొప్పి, ఎందుకంటే కొరింథు గుళ్ళలో భోజనాల గదులు ఉండేవి, విందుకి పిలిస్తే వెళ్ళకపోతే అయినవాళ్ళతో చెడుతుంది, బజార్లో మాంసం కొంత బలి ఇచ్చిందే వచ్చేది.

కూలగొట్టలేదు సరే, దెబ్బ మాత్రం ఇంకోరకంగా తగిలింది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ (ఇప్పటి టర్కీలో ఉంది) గవర్నర్ ప్లినీ రోమన్ చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాస్తూ, క్రైస్తవం పాకడంతో గుళ్ళు దాదాపు ఖాళీ అయిపోయాయని, బలి మాంసం కొనేవాడే దొరకని పరిస్థితి వచ్చిందని, తను క్రైస్తవుల మీద చర్యలు తీసుకున్నాక మళ్ళీ అమ్ముడవుతోందని చెప్తాడు (గవర్నర్ గారు తన గొప్ప కూడా కలిపి చెప్పుకుంటున్నాడు లెండి). 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ అయితే ఇంకా స్ట్రిక్ట్, విగ్రహాలు చెక్కే పని వద్దు, సాంబ్రాణి వ్యాపారం వద్దు, బడిలో టీచరు ఉద్యోగం కూడా వద్దు ఎందుకంటే దేవుళ్ళ కథలు చెప్పాలి కాబట్టి, కానీ పిల్లలు ఆ బడిలో చదువుకోవచ్చట. మరి ఆ పిల్లలకి చెప్పేదెవరు అనేది ఆయన్నే అడగాలి.

నాకు అన్నిటికంటే ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది స్పెయిన్‌లో ఎల్విరా అనే చోట చర్చి పెద్దలు పెట్టిన సభ, 300ల మొదట్లో జరిగింది. దాని 60వ నియమం ఏంటంటే, ఎవరైనా విగ్రహం పగలగొట్టి అక్కడే చంపబడితే వాణ్ణి హతసాక్షుల్లో (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళలో) చేర్చొద్దు, సువార్తలో అలా రాసి లేదు, అపొస్తలులు (యేసు పంపిన తొలి శిష్యులు) అలా చేసినట్టూ లేదు. అంటే పగలగొట్టే ఆవేశపరులు అప్పటికే కొందరు ఉన్నారు, పెద్దలు వాళ్ళని వెనకేసుకు రాలేదు.

తర్వాత రాజ్యం క్రైస్తవుల చేతికొచ్చింది, కథ మారింది. రోమన్ చక్రవర్తి థియోడోసియస్ 391, 392లో బలులు, గుడి పూజలు నిషేధించాడు, ఆ రోజుల్లోనే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బిషప్ థియోఫిలస్ హయాంలో సెరాపియం (సెరాపిస్ దేవుడి) గుడిని ధ్వంసం చేశారు. దీన్ని కప్పిపుచ్చే మావాళ్ళ వాదనలు నాకు నచ్చవు, జరిగింది జరిగింది. కానీ దాన్ని తీసుకెళ్ళి పౌలు కాలానికి అంటగడితే లెక్క తప్పుతుంది, మధ్యలో 300 ఏళ్ళకి పైనే ఉంది.

అన్నీ కూల్చలేదు కూడా. రోమ్‌లో పాంథియాన్ అనే పాత రోమన్ గుడి చూశాను, 609లో చర్చి చేసేశారు కాబట్టే అంత బాగా మిగిలిందంటారు, పైకప్పు మధ్యలో పెద్ద రంధ్రం, వాన నీళ్ళు పోవడానికి నేలలో చిన్న చిన్న కన్నాలు, ఎదురుగా బలిపీఠం, ఇప్పటికీ అక్కడ మాస్ (క్యాథలిక్ ఆరాధన) జరుగుతుంది.