సింగపూర్‌లో ఇంటివారు అలగకుండా పక్షులు
నాలుగు రోజుల సింగపూర్ ప్రయాణంలో పిల్లలు విసుక్కోకుండా పక్షులను చూడటం ఎలాగని అడిగారు కదా. సుంగై బులో చిత్తడినేలలను ఈసారికి వదిలేయండి. వలస పక్షులకు అది స్వర్గమే గానీ, ఊరికి ఆ చివరన ఉంది. పాసిర్ రిస్ పార్కుకు వెళ్లండి. మెట్రో దిగి నడిచిపోవచ్చు, ప్రవేశం ఉచితం. పిల్లలకు పెద్ద ఆటస్థలం, మీకు పక్కనే మడ అడవిలో చెక్క వంతెన. నారాయణ పక్షులు, అడవికోళ్లు కనిపిస్తాయి; అదృష్టముంటే హార్న్‌బిల్, చెట్టుపై కునుకుతీసే గుడ్లగూబ కూడా.

అక్కడ ఏడాది పొడవునా సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలోనే. కాబట్టి ఏడుకు చేరితే చాలు, తొమ్మిదిన్నరకల్లా ఎండ, ఉక్కపోత మిమ్మల్నే తరిమేస్తాయి. బైనాక్యులర్ రెండోది తీసుకెళ్లండి. ఒక్కటే ఉంటే మా ఇంట్లో అది నాకు దక్కలేదు.